వాన నీళ్ల పైపు పక్కకి జరిపితే ఏమేం కదులుతాయో: మా కాలనీ అనుభవం

మాది ఉప్పల్ దాటాక లోపలికి ఉండే ఒక పాత కాలనీ, మొత్తం ఒక పదెకరాల లేఅవుట్. మా రోడ్ల మీద పడ్డ వానంతా బయటికి పోయేది ఒకే ఒక్క పైపులోంచి, 600 ఎంఎం సిమెంట్ హ్యూమ్ పైపు. పల్లపు మూల దగ్గర మొదలై రెండు ఖాళీ ప్లాట్ల కింద నుంచి ఐమూలగా పోయి వెనకాల కుంటలో కలుస్తుంది. ఆ రెండు ప్లాట్లూ ఒకాయన కొన్నాడు, సెల్లార్‌తో అపార్ట్‌మెంట్ కడతానన్నాడు, పైపేమో సరిగ్గా సెల్లార్ రావాల్సిన చోట ఉంది. సరే ఖర్చు నేనే పెట్టుకుంటా, పైపుని రోడ్డు పక్కకి జరిపిస్తా, అసోసియేషన్ నుంచి ఒక ఎన్ఓసీ, అదే అభ్యంతరం లేదన్న కాగితం, ఇవ్వండి చాలు అని అడిగాడు. ఆ టైమ్‌లో జాయింట్ సెక్రటరీని నేనే, ఎందుకంటే మీటింగ్‌లో అందరూ కిందికి చూస్తుంటే నేనొక్కదాన్నే పైకి చూశాను, అంతకు మించి నాకేం అర్హత లేదు.

గ్రూపులో లొల్లి మొదలైంది. ఎవరి జాగా వాళ్లిష్టం, మనకేంటి, ఖర్చు కూడా మనది కాదు కదా అని సగం మంది. 2020 అక్టోబర్ మర్చిపోయారా అని ఇంకో సగం. ఆ అక్టోబర్ 13 రాత్రి సిటీలో ఉన్నవాళ్లెవరికీ గుర్తుచేయక్కర్లేదు, మా ఇంటికి అంత దూరం లేని ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది, చాలా చోట్ల చెరువుల కట్టలు తెగాయి, మా రెండో లైన్‌లో కార్లు తేలాయి. కానీ రెండు వర్గాలదీ ఊకదంపుడే, పైపు జరిపితే అసలు ఏమవుతుందో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. అందుకే మూడో లైన్‌లో ఉండే పెద్దాయన దగ్గరికి వెళ్లాను, ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, మామూలుగా గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఏమీ పెట్టరు.

ఆయన స్కెచ్ చూసి మొదట అడిగింది ఒకటే. "లెవెల్స్ ఏవమ్మా?"

బిల్డర్ ఇచ్చిన స్కెచ్‌లో పైపు ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో రంగు గీతలతో నీటుగా ఉంది, కానీ పైపు లోపలి అడుగు ఏ చోట ఎంత ఎత్తులో ఉంటుందో ఒక్క అంకె లేదు. పాత పైపు ఐమూలగా ఎందుకు పోతోందో కూడా అప్పుడే తెలిసింది, ఇళ్లు రాకముందు ఇదంతా పొలాలు, అక్కడ ఒక వర్రె, అంటే చిన్న వాగు, పారేదట, లేఅవుట్ వేసినవాళ్లు ఆ వర్రెలోనే పైపు పడుకోబెట్టి మట్టి కప్పేశారు. అంటే నీళ్లు తమంతట తాము ఎంచుకున్న దారి అది, అన్నిటికన్నా దగ్గరి దారి, అన్నిటికన్నా వాలు దారి.

తర్వాత ఒక ఆదివారం మేస్త్రీని పిలిచి లెవెల్ ట్యూబ్‌తో, అదే నీళ్లు నింపిన ట్రాన్స్‌పరెంట్ పైపు ఉంటుంది కదా దాంతో, కుంట దాకా కొలిపించాం. పాత దారి సుమారు 70 మీటర్లు, పై కొనకీ కింది కొనకీ తేడా 70 సెంటీమీటర్లు, అంటే వందకి ఒకటి వాలు. కొత్త దారి రోడ్డు వెంబడి రెండు మలుపులు తిరిగి 110 మీటర్లు, దిగేది మాత్రం అదే 70 సెంటీమీటర్లు. దూరం పెరిగింది, దిగుడు పెరగలేదు, కాబట్టి వాలు తగ్గిపోయింది. పెద్దాయన పాత డైరీ వెనక లెక్క వేసి చూపించారు, నాకు అర్థమైనంతలో చెప్తాను. మా పదెకరాల మీద గంటకి 5 సెంటీమీటర్ల వాన పడితే 20 లక్షల లీటర్లు, ఎందుకంటే ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వానంటే ఒక లీటర్. మా దగ్గర మట్టి ఎక్కడుంది, అంతా సీసీ రోడ్లూ స్లాబులూ పార్కింగ్ టైల్సే, అందులో ఐదింట నాలుగొంతులు పైపు దగ్గరికే వస్తాయి, అంటే సెకనుకి 450 లీటర్ల దాకా. పాత 600 పైపు శుభ్రంగా ఉంటే ఆ వాలులో సెకనుకి 600 లీటర్ల వరకు లాగుతుంది. అదే పైపు తీసి కొత్త దారిలో వేస్తే ఐదో వంతు తగ్గి 490కి వస్తుంది, పైగా రెండు మలుపులు, పైగా ఒండ్రు. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, నాలుగు వేళ్ల మందాన మట్టి పేరుకుంటే సరిపోదు. గంటకి 5 సెంటీమీటర్లు ఏమంత పెద్ద వాన అని అనుకునేవాళ్లకి, 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది, ఈ సిటీలో అలాంటివి మళ్లీ రావు అని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

అందుకని 900 ఎంఎం పైపు అడిగాం. బిల్డర్ అదిరిపడ్డాడు, డబ్బు గురించి కాదంట, "అంత పెద్దది ఎందుకు మేడమ్, సైజు ఒకటిన్నర రెట్లే కదా లాభం" అన్నాడు. కాదు, డయామీటర్ ఒకటిన్నర రెట్లయితే అదే వాలులో పారే నీళ్లు దాదాపు మూడు రెట్లు అవుతాయి, ఇది పెద్దాయన నోటికి చెప్తే నేను నాలుగు సార్లు రాసుకుని నేర్చుకున్నా. మలుపు దగ్గర పైపు వంచి వదిలేయకుండా ఛాంబర్ కట్టాలి, దాని అడుగు పైపు కన్నా కిందికి ఉండి మట్టి అక్కడే దిగాలి, మూత తీసి క్లీన్ చేసేలా ఉండాలి. ఇవన్నీ ఎన్ఓసీలో షరతులుగా రాశాం. ఉత్త ఎన్ఓసీ ఇచ్చేసి తర్వాత ధర్నా చేద్దాం అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఓపికకి దండం.

ఆఫీసుల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. వాన నీళ్ల పైపు మున్సిపల్ ఇంజినీరింగ్ వాళ్లది, దాని పక్కనే పోయే మురుగు పైపూ తాగే నీళ్ల పైపూ వాటర్ బోర్డుది, కుంట దగ్గరికి వెళ్లేసరికి ఇరిగేషన్ వాళ్ల మాట కావాలి. పదెకరాల కాదు, పది హెక్టార్ల లోపు ఉన్న చెరువుకైనా కుంటకైనా ఎఫ్‌టీఎల్ గీత (నిండినప్పుడు నీళ్ల అంచు) నుంచి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, అంతకంటే పెద్దదైతే 30 మీటర్లు, పది మీటర్ల వెడల్పు లోపు నాలాకైతే 2 మీటర్లు, ఇది 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. మా కొత్త పైపు కొన ఆ 9 మీటర్లలోకి వస్తుంది కాబట్టి అక్కడ ఏం కట్టాలో ఏం కట్టకూడదో విడిగా రాయించుకోవాల్సి వచ్చింది. ఒక చోట ఫైల్ కనపడకుండా పోయింది, సోమవారం ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇస్తే కనపడింది.

పని మే నెలలో మొదలైంది. పాత పైపు పై కొన తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నా. వానల్లేవు, ఎండ మాడిపోతోంది, రోడ్డు మీద కుక్క కూడా లేదు, కానీ పైపులో చీలమండ లోతు నల్లటి నీళ్లు నింపాదిగా పారుతున్నాయి. జేసీబీ డ్రైవర్ ముక్కు మూసుకుని "అక్కా ఇది వాన పైపా, లెట్రిన్ పైపా" అన్నాడు. వాన నీళ్ల పైపులో మే నెలలో నీళ్లున్నాయంటే అవి వాన నీళ్లు కావు. తవ్వుతూ పోతే బయటపడ్డాయి, పల్లపు వైపు ఇళ్లలో కొందరు మురుగు కనెక్షన్‌కి డబ్బు కట్టకుండా రాత్రికి రాత్రి నాలుగంగుళాల పీవీసీ పైపు దీంట్లోకి పెట్టేసుకున్నారు, వంటింటి నీళ్లు కొందరివి, అన్నీ కలిపి కొందరివి. కుంటలో గుర్రపుడెక్క ఎందుకు అంతలా అల్లుకుంటోందో, మేమంతా ఎవరో ఫ్యాక్టరీ వాళ్లు వదుల్తున్నారని ఎందుకు అనుకుంటున్నామో మొత్తం అక్కడ తేలిపోయింది. మురుగులో ఉండే నత్రజని, భాస్వరం దానికి ఎరువే కదా, అది కమ్మేస్తే కిందికి వెలుతురు పోదు, అది కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, ఇక చేపలెక్కడ బతుకుతాయి.

నన్నడిగితే ఈ మొత్తం పనిలో పర్యావరణానికి జరిగిన మేలు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. పైపు జరపకపోతే ఇంకో పాతికేళ్లు ఎవరూ తెరిచి చూసేవాళ్లు కాదు. ఆ కనెక్షన్లని మురుగు లైన్‌కి మార్చకుండా కొత్త పైపు కలపనివ్వం అన్నాం, చాలామంది మార్చుకున్నారు. ఒకరిద్దరు మాత్రం మాతో మాట్లాడ్డం మానేశారు, వాళ్ల పైపు ఇప్పటికీ ఎటు పోతోందో చెప్పరు, ఎండాకాలంలో ఛాంబర్ మూత తీసి చూస్తే సన్నగా తడి కనపడుతుంది.

తర్వాత చెట్లు. స్కెచ్‌లో కొత్త దారి సరిగ్గా మేం హరితహారంలో పెట్టిన కానుగ, వేప వరస కిందుగా పోతోంది. 900 పైపు వేయాలంటే రెండు వైపులా మనిషి నిలబడేంత చోటు వదిలి తవ్వాలి, అంటే కందకం ఐదారు అడుగుల వెడల్పు. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాలి కాబట్టి చెట్టు కొట్టం మేడమ్ అని కాంట్రాక్టర్ మంచివాడిలా చెప్పాడు, కానీ వేర్లు కొడితే పర్మిషన్ ఎవరూ అడగరు. చెట్టు నిలబడేది అడ్డంగా పాకిన వేర్ల మీద, ఒక పక్కవి మొత్తం జేసీబీ పీకేస్తే అది ఆ ఏడాది పచ్చగానే ఉంటుంది, గాలివానకి పడుతుంది. గొడవపడి కందకాన్ని రోడ్డు మధ్యకి నెట్టించాం, సీసీ రోడ్డు పగలగొట్టడం అదనపు ఖర్చు అని వారం పని ఆపేశాడు. మలుపు దగ్గర మాత్రం తప్పించడానికి చోటు లేక ఒక వేప వేర్లు తెగాయి. జూలైలో అది ఒక స్కూటీ మీద పడింది, మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బండ తగలడం గురించి చెప్పకపోతే హైదరాబాద్‌లో తవ్వకం గురించి చెప్పినట్టు కాదు. రెండడుగులు ఎర్ర మొరం, దాని కింద గ్రానైట్. మధ్యలో ఒక పది మీటర్ల మేర బండ పైకి వచ్చింది. బ్లాస్టింగ్ పెడదాం అన్నాడు, ఇళ్ల మధ్యలో ఎలా ఒప్పుకుంటాం. అయితే ఆ బండ మీంచి ఒక అడుగు ఎత్తి వేసేస్తా, తర్వాత మళ్లీ దింపేస్తా, ఏం కాదు అన్నాడు. లెవెల్ ట్యూబ్ పట్టుకోవడం నేర్చుకున్నది ఈ ఒక్క రోజు కోసమే అనిపించింది నాకు. మొత్తం దిగుడే 70 సెంటీమీటర్లు అయితే మధ్యలో అడుగు ఎత్తు మూపురం పెడితే దానికి వెనక ఉన్న పైపంతా నిల్వ నీళ్ల తొట్టి అయిపోతుంది, మట్టి దిగి గట్టిపడుతుంది, దోమలకి ఏసీ రూమ్. చివరికి బ్రేకర్ పెట్టి కొట్టించారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా డగడగడగ, ఇళ్లలో పిల్లలకి పరీక్షలు లేవు కాబట్టి తిట్లు తక్కువ పడ్డాయి. దుమ్ము మాత్రం భయంకరం, నీళ్లు చల్లి కొట్టమని రోజూ చెప్పాలి, చెప్పిన రోజు చల్లుతారు.

ఆ బ్రేకర్ వల్ల ఆలస్యమై జూన్ వానలు వచ్చేసరికి కందకం ఇంకా తెరిచే ఉంది. మంచి నీళ్ల లైన్‌కి ఒక చోట దెబ్బ తగిలి కొన్నాళ్లు ఎర్ర నీళ్లు వచ్చాయి, కాచి తాగండి అని గ్రూపులో పెట్టాం. కందకంలో నిలిచిన తేట నీళ్లలో వారం తిరిగేసరికి దోమ పిల్ల పురుగులు మెలికలు తిరుగుతూ కనపడ్డాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, దానికి మురికి నీళ్లు కూడా అక్కర్లేదు. ఆయిల్ బాల్స్ తెచ్చి వేయించాం, మోటార్ పెట్టి తోడించాం. తవ్విన మట్టి, పాత పైపు ముక్కలు ఏం చేశారో తెలుసా, కుంట ఒడ్డునే పోస్తున్నారు! ఫతుల్లాగూడలో కూల్చిన సామాన్లు తీసుకునే ప్లాంట్ ఉంది, మాకు దగ్గరే, కానీ అక్కడికి తీసుకెళ్తే ట్రిప్పుకి డబ్బులు, కుంట ఒడ్డయితే ఫ్రీ. ఫొటోలు తీసి డేట్‌తో సహా ఇంజినీర్ గారికి పంపిస్తే ఎత్తించారు, అప్పటికే కొంత మొదటి వానకి కొట్టుకుపోయి నీళ్లలో కలిసింది.

పాత పైపుని ఏం చేయాలి అన్నది ఎవరూ ఆలోచించని విషయం. పై కొన మూసేస్తే అయిపోయింది అనుకున్నారు. సెల్లార్ కోసం పదడుగులు తవ్వగానే వర్రె బతికే ఉందని తెలిసింది, పైన పారకపోయినా మొరంలోంచి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి, రాత్రీ పగలూ మోటార్లు పెట్టి రోడ్డు మీదికి తోడేవాళ్లు. పక్కింటి బోరు ఆ రెండు నెలలు గాలి కక్కింది. పాత పైపు మిగిలిన ముక్కని రెండు కొసలా కాంక్రీట్‌తో బిగించి, మధ్యలో ఇసుకతో నింపకపోతే మట్టి లోపలికి జారి పైన నేల కుంగుతుంది అని పెద్దాయన గట్టిగా పట్టుబడితే చేశారు. ఆ ఖాళీ ప్లాట్లలో ఇదివరకు వాన పడితే మోకాలి లోతు నిలిచి రెండు మూడు రోజులకి ఇంకిపోయేది, అది పోయింది. బదులుగా బిల్డింగ్‌లో ఇంకుడు గుంత కట్టించాం, డాబా మీది నీళ్లు మాత్రమే అందులోకి వదలమన్నాం, రోడ్డు నీళ్లు వదిలితే పెట్రోలు, ఆయిలు, మురుగు నేరుగా బోర్లలోకి దింపినట్టే. కానీ రెండు ప్లాట్ల నేలకి ఒక గుంత సాటి రాదు, ఇది ఒప్పుకోవాలి.

ఇక కుంట దగ్గర. పాత పైపు ఒడ్డుకి దూరంగానే ఆగిపోయేది, అక్కడ నుంచి నీళ్లు జమ్ము, తుంగ పెరిగిన జాగాలోంచి నెమ్మదిగా వడకట్టుకుంటూ కుంటలోకి దిగేవి, నీటికోళ్లు గూళ్లు పెట్టేది కూడా ఆ గడ్డిలోనే. కొత్త పైపు ఆ జమ్ముని దాటుకుని నేరుగా నీళ్ల అంచుకి వచ్చింది. మొదటి పెద్ద వానకి పైపు నోరు కింద మట్టి కోసుకుపోయి నడుం లోతు గుంత పడింది, కట్టకి అది ఎంతో దూరం కాదు. అప్పుడు పరిగెత్తుకొచ్చి రాళ్లు పరిచి, నీళ్ల దూకుడు తగ్గడానికి మధ్యలో దిమ్మెలు పెట్టి, ప్లాస్టిక్ ఆపడానికి జాలీ బిగించారు. నిజానికి ఆ రాళ్లు నీళ్లు వదలకముందే పడాలి, మా షరతుల కాగితంలో ఉంది కూడా, కానీ బిల్లు కాలేదట. పైపుని ఒక పది మీటర్ల ముందే ఆపి జమ్ములోకి వదలమని మళ్లీ అడిగాం, ఇప్పుడు అది తవ్వడం కుదరదన్నారు.

కాలనీలో మాత్రం అందరూ ఖుషీ. సెప్టెంబర్‌లో గంటసేపు దంచి కొడితే రెండో లైన్‌లో నీళ్లు నిలవలేదు, 900 పైపు గటగటా తాగేసింది. గ్రూపులో నాకు శాలువా ఎమోజీలు పెట్టారు. ఆ మర్నాడు కుంట మత్తడి, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు, దాని కింద ఉండే బస్తీ నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. "మేడం, ఎప్పుడైనా వాన ఆగినాక రెండు గంటలకు మత్తడి దుంకుతుండె, మేం సామాన్లు మీద పెట్టుకుంటుంటిమి. నిన్న వాన పడుతుండంగనే వచ్చింది నీళ్లు. మీరేమన్న జేసిండ్రా?" అని అడిగింది ఒకామె. తిట్టలేదు, నిజంగానే అడిగింది.

మేం కొలిచింది మా మూల నుంచి కుంట దాకానే. మా నీళ్లు ఎంత వేగంగా పోతాయని లెక్కేశాం, అంత వేగంగా ఎవరి దగ్గరికి పోతాయన్నది మీటింగ్‌లోనూ స్కెచ్‌లోనూ ఏ ఎన్ఓసీలోనూ లేదు, ఎందుకంటే బస్తీ వాళ్ల సంతకం ఎవరూ అడగలేదు, రూల్ ప్రకారం అక్కర్లేదు కూడా. పెద్దాయనకి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత 1908 సెప్టెంబర్ మూసీ వరద గురించి మొదలుపెట్టారు, ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపిస్తే ఆయన సిటీలో పైపులు పెద్దవి చేయడంతో సరిపెట్టలేదు, పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ లాంటివి కట్టి వరదని అక్కడే పట్టుకుని మెల్లగా వదలమన్నారు అని. మా కుంట చేయాల్సిన పని అదే, కానీ పూడిక నిండి దాని కడుపు సగమైంది, అందులో మా కందకం మట్టి కూడా కొంత ఉంది.

ఇప్పుడు కుంట పూడిక తీయమని అర్జీ పెట్టాం, ఈసారి బస్తీ వాళ్ల సంతకాలతో. ఎండాకాలంలో ఎస్టిమేట్ వేస్తామన్నారు. వాళ్లలో ఇద్దర్ని మా గ్రూపులో చేర్చాం, వాన పెద్దదైతే పైన మా దగ్గర ఎంత పడుతోందో వాళ్లకి వెంటనే తెలుస్తుంది కదా అని, దీనికి కూడా కాలనీలో ఒక చిన్న లొల్లి అయింది, అది వేరే కథ. పైపు నోటి దగ్గర జాలీకి ప్రతి వానకీ కవర్లు, పాల ప్యాకెట్లు, ఒకసారైతే ఒక దిండు అడ్డం పడ్డాయి. దాన్ని తీసే మనిషికి నెలకి ఇంత అని అపార్ట్‌మెంట్ వాళ్లు సగం, అసోసియేషన్ సగం ఇవ్వాలని తీర్మానం రాశాం. అపార్ట్‌మెంట్‌లో చేరినవాళ్లు ఆ తీర్మానం బిల్డర్‌తో మీరు చేసుకున్నది, మాకు సంబంధం లేదంటున్నారు. ప్రస్తుతానికి మా సగం డబ్బులతో అతను నెలకి పదిహేను రోజులు వస్తున్నాడు.